ఇచ్చానో లేదో

టీచరమ్మకి పిల్లల్ని గొంతుబట్టి గుర్తుపట్టడం అలవాటు. ఇరవై రెండేళ్లుగా నర్సింగు కాలేజీలో పాఠాలు చెబుతోంది కదా, బోర్డు మీద రాస్తూ రాస్తూ వెనక్కి తిరగకుండానే ఫలానా బెంచీలో ఫలానా పిల్ల గుసగుసలాడుతోందని చెప్పేసేది. ఆ బ్యాచ్ దగ్గర మాత్రం ఆ విద్య అక్కరకు రాలేదు. ఎప్పుడు చూసినా మాట్లాడేది ఒకతే.

ఆ పిల్లకి రేడియో అని తోటివాళ్లు పేరు పెట్టారు. కండక్టరుగారి చిన్నమ్మాయి. నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున్నే హాస్టల్లో స్నానాల గది ముందు బకెట్టు పట్టుకుని నిలబడ్డప్పుడు మొదలయ్యే వార్తలు, రాత్రి లైటు ఆర్పాక కూడా కాసేపు వచ్చేవి. వార్డుకి తీసుకెళ్తే రోగులకి మందు ఒక చేత్తోనూ కబురు ఒక చేత్తోనూ ఇచ్చేది. మూలుగుతున్నవాళ్లు కూడా ఆ పిల్ల మంచం దగ్గరికి వస్తే మూలగడం ఆపి వినేవాళ్లు. టీచరమ్మ పైకి విసుక్కునేది గానీ, మంచి నర్సు అవుతుందని మొదటి ఏడే అనుకుంది. ఆ నోటికి సాటివచ్చే చెయ్యి ఆ పిల్లది. సూది గుచ్చితే గుచ్చినట్టు తెలిసేది కాదు.

నాలుగో ఏడు సగంలో ఉండగా, అందరికీ అంటుకునే జబ్బు వచ్చిపడింది. ముందు కాలేజీ మూశారు. తర్వాత ఆసుపత్రిలో నర్సులే ఒక్కొక్కరూ మంచం పడుతుంటే, ఆఖరి ఏడు పిల్లల్ని పంపమని కాగితం వచ్చింది. బలవంతం లేదు, ఇంట్లో ఒప్పుకున్నవాళ్లే రావచ్చు అన్నారు. ఇరవై ఆరుగురిలో పంతొమ్మిది మంది వచ్చారు. అందరికంటే ముందు చెయ్యెత్తింది రేడియోనే. బాగా ఆలోచించుకోమని టీచరమ్మ అంటే, ఎవరో ఒకరు వెళ్లాలి కదా మేడమ్, ఆ ఎవరో ఒకరు నేనైతే మాత్రం ఏం పోయింది అంది.

ఎవరు ఏ పూట ఏ వార్డులో ఉండాలో పట్టిక వేసే పని టీచరమ్మకి అప్పగించారు. ఇంట్లో భోజనాల బల్ల మీద స్కేలు, పెన్సిలు పెట్టుకుని గళ్లు గీసేది. మొదటి వారం ఒక్కొక్కరికి ఆరు గంటలు. స్టాఫ్ నర్సులు ఇద్దరు పడిపోగానే ఎనిమిదైంది. ఇంకో ముగ్గురు పడిపోగానే పన్నెండైంది. సెలవు గడి ఒక్కటే మిగిలింది, దాన్ని కూడా రబ్బరు పెట్టి చెరిపి వచ్చేవారానికి జరిపేది. ఆవిడ భర్తకి పుస్తకాలు బైండు చేసే షాపు ఉంది. అది మూతపడి ఇంట్లోనే ఉంటున్నాడు. ఒకరోజు భుజం మీంచి తొంగిచూసి, ఈ పేర్ల ఎదురుగా సెలవన్నది ఎక్కడా కనబడదేం అన్నాడు. వచ్చే వారం ఉందండీ అందావిడ. పోయిన వారం కూడా ఇదే అన్నావు అన్నాడాయన. ఆవిడకి కోపం వచ్చింది. కోపం ఎందుకొచ్చిందో ఆవిడకి తెలుసు కాబట్టి, తలెత్తకుండా గళ్లు గీసుకుంటూ పోయింది.

మూడో వారంలో బామ్మ వచ్చి టీచరమ్మని కలిసింది. బామ్మంటే నిజంగా బామ్మ కాదు. రేడియోతో ఒకే గదిలో ఉండే పిల్ల. మధ్యలో చదువాపి మళ్లీ చేరింది కాబట్టి క్లాసులో అందరికంటే పెద్దది. ఎవరికి తుమ్మొచ్చినా ఒక సలహా ఇస్తుందని ఆ పేరు. ఆ పిల్ల కాసేపు నసిగి అసలు సంగతి చెప్పింది.

"మా గది నిశ్శబ్దంగా ఉంటోంది మేడమ్. నాకు భయంగా ఉంది."

ఎప్పణ్ణించి అని అడిగితే, వారం పైనే అయిందని చెప్పింది. డ్యూటీ నించి వచ్చి ఒక బూటు విప్పి రెండోది విప్పకుండా అరగంట అలాగే మంచం మీద కూర్చుంటోందట. తలుపు గడియ పెట్టానా అని మూడుసార్లు అడుగుతోందట. నిన్న జడ సగం వేసుకుని, మిగతా సగం వదిలేసి బయల్దేరితే తనే వెనక్కి పిలిచి వేసిందట. ఏమయిందే అంటే ఏం కాలేదంటుందట.

టీచరమ్మ ఆ మర్నాడే రేడియోని పక్కకి పిలిచి అడిగింది. బాగానే ఉన్నాను మేడమ్ అందా పిల్ల. మొహంలో ఏమీ లేదు. నవ్వూ లేదు, ఏడుపూ లేదు. ఇంకోమాట అడగాలని టీచరమ్మ నోటిదాకా వచ్చింది. అడిగితే పంపించెయ్యాల్సి వస్తుంది, పంపిస్తే ఆ గడిలో రాయడానికి ఇంకో పేరు లేదు. నమ్మక తప్పదు కాబట్టి నమ్మింది.

అది జరిగిన ఆరో రోజు.

రెండో అంతస్తు వార్డులో నలభై మంచాలు. లోపలికి వెళ్లాలంటే నెత్తినించి పాదాలదాకా తెల్ల కిట్టు తొడుక్కోవాలి. అందులో దూరాక ఎవరు ఎవరో తెలియదు. అందుకని పిల్లలు ఒకరి వీపు మీద ఒకరు మార్కరుతో పేర్లు రాసుకునేవాళ్లు. రేడియో వీపు మీద రేడియో అనే ఉండేది. పదిహేడో నెంబరు మంచం మీద ఉత్తరాలు పంచి రిటైరైన ఒక తాతగారు ఉండేవారు. మొదటిరోజు ఆ పేరు చదివి, ఏ స్టేషనమ్మా అని అడిగారు. మీరు ఏది తిప్పితే అదే తాతగారూ అందా పిల్ల. అది మొదటి వారం మాట. ఆ తర్వాత ఆయన ఎంత తిప్పినా స్టేషను తగల్లేదు.

ఆ జబ్బుకి వాడే మందుతో చాలామందికి షుగర్ ఎక్కడికో వెళ్లిపోయేది. పొద్దున్న ఏడింటికి అలాంటివాళ్ల వేలు గుచ్చి చూసి, అంకె రాసి, ఆ అంకెకి తగ్గట్టు పొట్టమీద ఇన్సులిన్ ఇచ్చి, ఇచ్చిన గడిలో సంతకం పెట్టడం ఆ పూట డ్యూటీ రేడియోది. పదిహేడో నెంబరుకి రెండువందల ఎనభై ఆరు వచ్చింది. అంకె రాసింది. సూదిలోకి మందు తీసుకుంది. ఇంతలో పంతొమ్మిదో నెంబరాయన దగ్గులో ఆక్సిజన్ గొట్టం ఊడిపోయి, మిషను కూతలు పెట్టింది. రేడియో అటు పరిగెత్తింది. గొట్టం సరిచేసి, ఆయన గోళ్లు మళ్లీ ఎర్రబడేదాకా నిలబడి, వెనక్కొచ్చేసరికి పది నిమిషాలైంది. ట్రే తాతగారి మంచం పక్కనే ఉంది. మందు తీసిన సూది అందులో లేదు, ఇచ్చి డబ్బాలో వేసిందో, పరుగులో ఎక్కడన్నా జారిపోయిందో. సంతకం గడి ఖాళీగా ఉంది.

టీచరమ్మ ఆ టైముకి అద్దాల గదిలో హెడ్ సిస్టర్ పక్కన నిలబడి, మధ్యాహ్నం ఎవరొస్తున్నారో చూసుకుంటోంది. అద్దం అవతల ఒక తెల్ల కిట్టు వచ్చి నిలబడింది. అటూ ఇటూ మాట్లాడుకోవడానికి ఒక స్పీకరు ఫోను ఉండేది. దాన్ని తీసింది. ఆ గొంతు రేడియోదని టీచరమ్మకి ఒక్క క్షణం తెలియలేదు. అంత మెల్లగా ఉంది.

"సిస్టర్, పదిహేడో నెంబరు తాతగారికి ఇన్సులిన్ ఇచ్చానో లేదో నాకు గుర్తులేదు."

హెడ్ సిస్టర్‌ది ముప్ఫై ఏళ్ల సర్వీసు. ఆవిడ ఇంటికి వెళ్లి అప్పటికి నెల దాటింది. ఆసుపత్రిలోనే ఒక మూల గదిలో పడుకుంటోంది. చెడ్డ మనిషి కాదు, చెయ్యాల్సిన పనులు పాతిక ఉన్న మనిషి. రాయలేదా అని అడిగింది. రాయలేదంది పిల్ల. ఇచ్చే ఉంటావులే, నీ చెయ్యి తప్పదు, సంతకం పెట్టేసి ముందు పని చూడు అంది హెడ్ సిస్టర్.

"గుర్తులేకుండా ఎలా పెట్టను సిస్టర్?"

"అయితే ఇవ్వలేదనుకో. రాయకపోతే ఇవ్వనట్టేనని మీ మేడమ్ నేర్పిందేగా. వెళ్లి ఇచ్చెయ్."

ఆ మాట టీచరమ్మదే. ఏటేటా మొదటి క్లాసులో నోటుపుస్తకం మొదటి పేజీలో రాయించేది. 'రాయనిది చేయనట్టే.' మంచి మాటే, ఎన్నో ప్రాణాలు కాచిన మాట. ఇప్పుడు అద్దం అవతలనించి ఆ పిల్ల కళ్లు ఆవిడ వైపే తిరిగాయి. కళ్లద్దాల వెనక చెమట, ఆవిరి. అందులోంచి రెండు కళ్లు.

"మీరు చెప్పింది నిజమే మేడమ్. కానీ ఒకవేళ ఇచ్చి ఉంటే? రెండుసార్లు పడితే తాతగారు తట్టుకోలేరు."

వాడిన సూదులు లెక్కపెడదామంటే, డబ్బాలో నిన్నటివి కూడా కలిసిపోయి ఉన్నాయి. టీచరమ్మ తాతగారినే అడిగి రమ్మంది. ఆయన, రోజుకి పదిసార్లు గుచ్చుతారు తల్లీ, ఏది ఎప్పుడో నాకేం తెలుస్తుంది అన్నారట. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇవ్వకూడదు, వదిలెయ్యకూడదు. మిగిలింది ఒకటే దారి, పక్కన కూర్చుని అరగంటకోసారి షుగర్ చూసుకుంటూ ఉండడం. అంత తీరిక ఆ వార్డులో ఎవరికీ లేదు. టీచరమ్మ చేతిలో పట్టిక కింద పెట్టి, నేను కూర్చుంటాను, కిట్టు ఇవ్వండి అంది.

లోపలికి వెళ్లి, రేడియోని ఇక బయటికి పొమ్మంది. తెలిసేదాకా పోను మేడమ్ అందా పిల్ల. గొంతులో మొండితనం కూడా లేదు. ఉన్న విషయం చెప్పినట్టు చెప్పింది. సరే, ఆ స్టూలు మీద కూర్చో, ఏ పనీ ముట్టుకోకు అని ఒప్పుకుంది టీచరమ్మ. తక్కినవాళ్ల సూదులు బామ్మ చూసుకుంది.

ఎనిమిదింటికి రెండువందల అరవై రెండు. రొట్టె, పాలు తెచ్చి పెట్టారు. తాతగారు రెండు ముక్కలు కొరికి, పాలు ఓ గుక్క తాగి, నోరు చేదంటూ పక్కకి నెట్టేశారు. రాత్రి కూడా సరిగ్గా తినలేదని చార్టులో ఉంది. ఎనిమిదిన్నరకి రెండువందల ఇరవై. టీచరమ్మ ఆ అంకెని రెండుసార్లు చూసింది. పాలు తాగినాక పెరగాలి గానీ తగ్గడమేంటి? తొమ్మిదికి నూట డెబ్భై. డాక్టరుకి కబురుపెడితే అతనూ వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. తొమ్మిదిన్నరకి నూట పది. అప్పటికి ముగ్గురికీ సంగతి తెలిసిపోయింది. పదికి ఐదు నిమిషాలుందనగా తాతగారి నుదుటి మీద చెమట పోసింది. చేతులు వణికాయి. ఆ వీధి ఉత్తరాలు ఇంకా పంచలేదు, సంచీ ఏదీ అంటూ లేవబోయారు. అంకె చూస్తే అరవై రెండు.

అంతా సిద్ధం చేసుకునే కూర్చున్నారు కాబట్టి చెయ్యాల్సింది చెయ్యడానికి నిమిషం పట్టలేదు. గ్లూకోజు నీళ్లు రేడియోనే తాగించింది, ఆయన తలని మోచేతి మీద ఆనించుకుని. నరంలోకి ఎక్కించాల్సింది డాక్టరు ఎక్కించాడు. పదింబావుకి నూట ముప్ఫై వచ్చింది. తాతగారు కళ్లు తెరిచి, అంతమంది తన చుట్టూ ఎందుకు నిలబడ్డారో తెలియక, ఎవరికి బాలేదమ్మా అని అడిగారు.

ఇచ్చిందన్నమాట. పొద్దున్న ఏడుంబావుకి ఆ పిల్ల చెయ్యి తన పని తను చేసేసింది. చేసినట్టు మనసుకే అందలేదు. రాయలేదు కదా అని మళ్లీ ఇచ్చి ఉంటే ఆయన పోయేవారు. ఇచ్చే ఉంటాలే అని సంతకం పెట్టి వెళ్లిపోయి ఉన్నా పోయేవారే. రొట్టె తినని మనిషి పక్కన అరగంటకోసారి వేలు గుచ్చే తీరిక ఎవరికుంది? ఆయన బతికింది ఒకే ఒక్క మాట వల్ల. గుర్తులేదు అన్న మాట. ముప్ఫై ఏళ్ల హెడ్ సిస్టర్ రాసెయ్ అంటుంటే, నేర్పిన మేడమ్ ఎదురుగా నిలబడి ఉంటే, ఇరవై రెండేళ్ల పిల్ల ఆ మాట మీంచి అంగుళం జరగలేదు. అంత అలిసిపోయి, ఏ గడి నింపిందో తెలియనంత అలిసిపోయి కూడా, తెలియనిదాన్ని తెలుసని రాయలేదు. టీచరమ్మ ఆ వార్డులో నిలబడి తనకి ఆ వయసులో అంత గుండె ఉండేదా అని వెతుక్కుంది. జవాబు వెంటనే దొరికింది. అది ఆవిడకి నచ్చలేదు.

హెడ్ సిస్టర్ అద్దాల గదిలోంచి అంతా చూసింది. బయటికొచ్చిన రేడియో ముందు నిలబడి, ఈ పూట ఇంత వార్డులో తెలివిలో ఉన్నది నువ్వొక్కదానివే అంది. ఆ మాట అని లోపలికి వెళ్లిపోయింది.

కిట్లు విప్పి, చేతులు కడుక్కుని, మెట్ల కింద బల్ల మీద కూర్చున్నారు ఇద్దరూ. పిల్ల మొహం మీద మాస్కు కోసిన గీతలు ఎర్రగా ఉన్నాయి. ఇక ఏడుస్తుందేమో, ఏడిస్తే బావుండునని టీచరమ్మ చూసింది. ఆ పిల్ల ఏడవలేదు.

"నాకు సంతోషంగా లేదు మేడమ్. భయం కూడా వెయ్యలేదు. రెండు వారాలనించీ నాకేమీ అనిపించట్లేదు. మొన్న పన్నెండో నెంబరావిడ పోయింది కదా. ఆవిడ నా చెయ్యి పట్టుకునే పోయింది. నేనేమనుకున్నానో తెలుసా? మంచం ఖాళీ అయింది, దుప్పటి మార్చాలి అనుకున్నాను. అంతే అనుకున్నాను. నేను చెడిపోయాను మేడమ్."

టీచరమ్మకి పుస్తకాల్లో ఉన్నదంతా నోటికొచ్చు. అది పక్కనపెట్టి తనకి తోచింది తోచినట్టు చెప్పింది.

"పాలైతే విరుగుతాయమ్మా. నువ్వు పాలు కాదు, ఊటబావివి. ఆగకుండా తోడేశాం, అడుగు కనిపించింది. తోడడం ఆపితే మళ్లీ ఊరుతుంది. ఆపాల్సింది మేం, నువ్వు కాదు."

ఆ పిల్ల నమ్మిందో లేదో తెలియదు. తల గోడకి ఆనించి, కూర్చున్నచోటే నిద్రపోయింది. పక్కన జనం తిరుగుతున్నారు, స్ట్రెచరు చక్రాలు కీచుమంటున్నాయి, లిఫ్టు తలుపు కొట్టుకుంటోంది. కదల్లేదు. టీచరమ్మ భుజం అడ్డుపెట్టి, ఒంటిగంట దాకా అక్కణ్ణించి లేవలేదు. అక్కడ కూర్చునే ఉండి, ఆ పిల్ల వాళ్ల ఇంటికి ఫోన్ చేసింది. తల్లి ఎత్తి, సంగతి వినకుండానే కంగారుపడి అడిగింది.

"మా అమ్మాయి ఏదన్నా తప్పు చేసిందాండీ?"

"లేదమ్మా. తప్పు నేను చేశాను. మీ అమ్మాయి సరిదిద్దింది. కొన్నాళ్లు ఇంట్లో పడుకోనివ్వండి. ఎప్పుడు వెళ్తావని ఎవరూ అడక్కండి."

సాయంత్రానికి తండ్రి వచ్చి తీసుకెళ్లాడు. బస్సులు ఆగిపోయి ఇంట్లో ఉన్న మనిషి, ఎవరిదో వ్యాను అడిగి తెచ్చుకున్నాడు. ఎక్కేటప్పుడు ఆ పిల్ల వెనక్కి తిరిగి, పదిహేడో నెంబరు తాతగారికి సాయంత్రం పాలల్లో రొట్టె నానబెట్టి పెట్టమనండి, అలా అయితే తింటారు అని చెప్పి ఎక్కింది.

మర్నాడు పదకొండింటికి టీచరమ్మని పిలిపించారు. గదిలో ప్రిన్సిపల్‌గారు, ఆసుపత్రి సూపరింటెండెంటుగారు. బల్ల మీద టైపు చేసిన కాగితం ఒకటి. విద్యార్థిని అజాగ్రత్త వల్ల జరిగిన పొరపాటని, హెచ్చరిక జారీ చేస్తున్నామని అందులో ఉంది. కింద టీచరమ్మ సంతకానికి చోటు వదిలారు. చిన్న కాగితమే, ఇదో పద్ధతి అంతే, పిల్ల భవిష్యత్తుకేం ఢోకా లేదని ప్రిన్సిపల్‌గారు నచ్చజెప్పింది.

టీచరమ్మ తను తెచ్చిన పట్టిక తీసి ఆ కాగితం పక్కన పరిచింది. పెన్సిలు గళ్లు, రబ్బరు పెట్టి చెరిపిన మరకలు. ఇంట్లో రాత్రంతా లెక్క కట్టుకుని వచ్చింది. పంతొమ్మిది మంది పిల్లలు, ఇరవై ఏడు రోజులు, మొత్తం అందరికీ కలిపి ఇచ్చిన సెలవులు ఆరు. రేడియో పేరు ఎదురుగా సున్నా.

"ఈ పట్టిక రాసింది నేను. చెరిపింది కూడా నేనే. ఆ పిల్ల బాగాలేదని ఇంకో పిల్ల వచ్చి చెబితే విని ఊరుకున్నదాన్ని నేనే. హెచ్చరిక రాయాలంటే అందులో నా పేరు రాయండి, ఇప్పుడే సంతకం పెడతాను."

సూపరింటెండెంటుగారికి కోపం రాలేదు. ఆయనకి కోపానికి కూడా ఓపిక లేదు. మనుషులు లేరమ్మా, నేనెక్కడ తెచ్చేది అన్నాడు. మేమున్నాం కదండీ అంది టీచరమ్మ. ట్యూటర్లం ఏడుగురం ఉన్నాం, అందరం ఒకప్పుడు వార్డులో పనిచేసినవాళ్లమే, రేపటినించి మమ్మల్ని వెయ్యండి, పిల్లలకి ఆరు గంటలు చెయ్యండి, వారానికో సెలవివ్వండి అంది. ఆ మాట అనేశాక గుర్తొచ్చింది, మిగతా ఆరుగురిని తను అడగనేలేదని.

ఆయన ఆలోచిస్తూ ముందున్న ఫైలు తిప్పాడు. అందులో చేత్తో రాసిన చీటీ ఒకటి కనబడింది. సంతకం పెట్టెయ్యమని చెప్పింది నేను, ఆ పిల్ల వినకపోవడం వల్ల రోగి బతికాడు అని హెడ్ సిస్టర్ రాసి, కింద పేరూ తేదీ వేసింది. ఎవరూ అడక్కుండానే పొద్దున్నే పెట్టి వెళ్లిందట. ఆయన చీటీ రెండుసార్లు చదివి, టైపు చేసిన కాగితాన్ని మడిచి సొరుగులో పడేసి, ట్యూటర్ల పేర్లు రాసిమ్మన్నాడు.

మిగతా ఆరుగురు ట్యూటర్లనీ ఒప్పించడం, సూపరింటెండెంటుగారిని ఒప్పించినంత తేలిక కాలేదు. ఇద్దరు మొహం మీదే తిట్టారు. మమ్మల్ని అడక్కుండా మా పేర్లు ఎలా రాసిచ్చావన్నారు. ఒకావిడ మోకాళ్లు నొప్పులని వాపోయి, చివరికి మోకాలికి పట్టీ చుట్టుకుని అందరికంటే ముందే వచ్చింది. ఐదుగురు వచ్చారు, ఒకావిడ రాలేదు. రానావిడ ఇంట్లో జబ్బు మనిషి ఉన్నాడు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

వార్డు డ్యూటీ వదిలేసి ఇరవై రెండేళ్లయిన టీచరమ్మ, రెండోరోజే చేతి తొడుగులు విప్పే వరస తప్పింది. బామ్మ చూసి ఆపి, మేడమ్, ఇదే తప్పుకి మీరు నాకు ప్రాక్టికల్సులో మూడు మార్కులు తీసేశారు అంది. ఇప్పుడు నాకు నువ్వు తీసెయ్యవే అంది టీచరమ్మ. ఇంటికి వెళ్లేసరికి నడుం పట్టేసేది. భర్త చేసిన వంటలో ఉప్పుందో లేదో తెలియకుండా తినేసి పడుకునేది. పిల్లలు నెలరోజులుగా ఏం మోశారో ఒంటికి తెలిశాక, వాళ్ల మీద ఆవిడకున్న గౌరవం రెట్టింపైంది. పాఠం చెప్పే బల్ల వెనక నిలబడి ఇన్నాళ్లూ వాళ్లని పిల్లలనుకుంది. ఒకమ్మాయి వాంతి చేసుకున్న ముసలావిడ జుట్టు దువ్వి, అద్దం చూపించి, ఎంత బావున్నారో చూడండి అంటుంటే చూసింది. ఇంకో అమ్మాయి, ఊపిరాడక భయపడుతున్న ఒకాయన పక్కన కూర్చుని ఆయనతో కలిసి తనూ లెక్కపెట్టి గాలి పీల్చడం చూసింది. ఇవేవీ ఆవిడ నేర్పలేదు.

రేడియో ఇంట్లో మూడు రోజులు పడుకునే ఉందని తల్లి ఫోన్లో చెప్పింది. లేచి తినడం, మళ్లీ పడుకోవడం. ఆరోరోజు ఉతికిన బట్టలు మడతపెడుతూ మడతపెడుతూ ఒక్కసారిగా కూలబడి ఏడ్చిందట. ఎందుకే అంటే, పన్నెండో నెంబరావిడ పేరు చెప్పి, ఆవిడ చెయ్యి చల్లగా ఉందమ్మా, నేను ఇంకాసేపు పట్టుకోవాల్సింది అందట. సాయంత్రం దాకా ఏడ్చిందట. తల్లి భయపడిపోయి అడిగితే, మంచిదేనమ్మా, ఏడవనివ్వండి అని చెప్పి ఫోన్ పెట్టేసి, టీచరమ్మ కూడా కాసేపు గోడవైపు తిరిగి నిలబడింది.

పదహారో రోజున తిరిగొచ్చింది. ఒళ్లు కాస్త తేరుకుంది. చిన్నపిల్లల వార్డులో వేస్తానంది టీచరమ్మ, అక్కడ పని తక్కువని. వద్దు మేడమ్, అక్కడే వెయ్యండి, కానీ ఒక్కటి అడుగుతాను అంది. ప్రతి ఇన్సులిన్‌కీ పక్కన ఇంకో మనిషి ఉండాలి, ఇచ్చేవాళ్లు ఒకరు, చూసేవాళ్లు ఒకరు, గడిలో రెండు సంతకాలు. నాకొక్కదానికే కాదు, అందరికీ అంది. హెడ్ సిస్టర్ ఆరోజు మధ్యాహ్నమే గళ్లు మార్చి కొత్త చార్టులు అచ్చు వేయించింది. ఆ చార్టే ఇప్పటికీ ఆ ఆసుపత్రిలో నడుస్తోంది.

తాతగారు అప్పటికి ఇంటికి వెళ్లిపోయారు. అందరి కథా అలా ముగియలేదు, పంతొమ్మిదో నెంబరాయన దక్కలేదు. పిల్లల్లో కూడా ఇద్దరు చదువు పూర్తిచేశారు గానీ ఉద్యోగంలో చేరలేదు. ఇక మా వల్ల కాదు మేడమ్ అని చెప్పడానికి వచ్చి తలొంచుకుని నిలబడితే, తలెత్తమంది టీచరమ్మ. మీరు చేసింది చాలామంది జీవితాంతం చెయ్యలేరు, వెళ్లి హాయిగా బతకండి అని ఇద్దరికీ తన చేత్తో మంచి సర్టిఫికెట్లు రాసిచ్చింది.

రేడియో పాసై, ఉద్యోగాలకి వెళ్లింది. మొదటి ఆసుపత్రిలో, నీ పనిలో ఎప్పుడైనా పొరపాటు జరిగిందా అని అడిగారట. జరిగిందండీ అని పదిహేడో నెంబరు సంగతి పొల్లు పోకుండా చెప్పింది. వాళ్లు మొహమొహాలు చూసుకుని, కబురు చేస్తామన్నారు. చెయ్యలేదు. ఈసారి ఆ సంగతి చెప్పకే అని బామ్మ సలహా ఇచ్చింది, టీచరమ్మ మనసు కూడా ఆడపిల్ల తల్లి మనసులా ఒక క్షణం అటే లాగింది. రెండో ఆసుపత్రిలోనూ అదే అడిగారు, అదే చెప్పింది. అక్కడ ఎదురుగా కూర్చున్న మేట్రన్ తెల్లజుట్టు మనిషి. అంతా విని, కలం మూత పెట్టి, సోమవారం ఎన్నింటికి రాగలవు అని అడిగిందట.

ఆ కబురు ఫోన్లో విన్నప్పుడు టీచరమ్మ కొత్త బ్యాచ్ మొదటి క్లాసుకి మెట్లెక్కుతోంది. సంతోషంతో కాసేపు మెట్ల మీదే నిలబడిపోయింది. క్లాసులోకి వెళ్తే, పిల్లలు నోటుపుస్తకాలు తెరిచి, మొదటి పేజీలో ఏం రాయమంటారు మేడమ్ అని ఎదురుచూస్తున్నారు. పుస్తకాలు మూసెయ్యండమ్మా, ముందు మీ సీనియరొకమ్మాయి గురించి చెబుతాను అని కుర్చీ లాక్కుని కూర్చుంది.